వెబ్ ఫారమ్స్ సొంత సర్వర్ కంట్రోళ్ళు: జిల్లా పెట్టె, తూకం పెట్టె పెట్టి చూస్తే

సమీక్షకు తీసుకున్నది: ఏఎస్‌పీ డాట్‌నెట్ వెబ్ ఫారమ్స్‌లో (వెబ్‌సైట్లు కట్టే మైక్రోసాఫ్ట్ పాత పద్ధతి) మనమే సర్వర్ కంట్రోల్ (సర్వర్‌లో తయారై పేజీలో కనిపించే గడి, పెట్టె లాంటి భాగం) రాసుకుని, ఒక డీఎల్‌ఎల్‌గా (కట్టిన కోడ్ ఉండే ఫైల్) కట్టి, ఎన్ని సైట్లలోనైనా వాడుకునే ఏర్పాటు. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8, విజువల్ స్టూడియో 2022 కమ్యూనిటీ ఎడిషన్.
ధర: సొంతంగా పనిచేసుకునేవాళ్ళకు ఉచితం. చిన్న సంస్థల్లో ఐదుగురి దాకా ఉచితమే.
ఎవరికి: ఇప్పటికే నడుస్తున్న వెబ్ ఫారమ్స్ అప్లికేషన్‌ను మోస్తున్నవాళ్ళకు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు కాదు.
మార్కులు: ఐదుకు మూడున్నర.

2002 జనవరిలో వచ్చిన సరుకుకు ఇప్పుడు సమీక్ష ఏమిటని అడగొచ్చు. 4.8 అన్నది విండోస్‌లో భాగం. ఆ విండోస్‌కు మద్దతు ఉన్నన్నాళ్ళూ దీనికీ ఉంటుంది. ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఉండే అడ్తి దుకాణం లెక్కలు కానీ, హనుమకొండలో కాలేజీ ఫీజుల పద్దు కానీ, కరీంనగర్‌లో ఆసుపత్రి బిల్లింగ్ కానీ పదిహేనేళ్ళ కింద దీని మీద రాసి ఉంటే, ఆగిపోనంత కాలం యజమాని దాన్ని మార్చడు. మార్చమని చెప్పినా "నడుస్తుంది కదా" అంటాడు. ఆ నడిచేదాన్ని బాగుచేస్తూ బతికేవాళ్ళ కోసమే ఈ సమీక్ష.

జిల్లా పెట్టె

పరీక్షకు జిల్లా డ్రాప్‌డౌన్‌ను మించిన సరుకు ఓరుగల్లులో దొరకదు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ జిల్లా ప్రధానంగా ఐదు ముక్కలైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరుపడింది. 2021 ఆగస్టులో అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. పేర్లతో ఊరుకోలేదు, ఖిలా వరంగల్ మండలం వరంగల్ జిల్లాకు వచ్చింది, పరకాల హనుమకొండకు పోయింది. కాబట్టి డేటాబేస్‌లో 'వరంగల్' అని అక్షరాల్లో రాసి పెట్టుకుంటే, 2015 నాటి వరుసలో దాని అర్థం ఒకటి, 2022 నాటి వరుసలో మరొకటి. రెంటినీ కలిపి రిపోర్టు తీస్తే వచ్చే మొత్తం ఏ జిల్లాదీ కాదు.

ఈ డ్రాప్‌డౌన్ ముప్పై నలభై పేజీల్లో విడివిడిగా రాసి ఉంటే ప్రతి మార్పుకూ ముప్పై నలభై చోట్ల చేయిపెట్టాలి. చాలామంది ఇక్కడ యూజర్ కంట్రోల్ తీసుకుంటారు, అంటే ఏఎస్‌సీఎక్స్ ఫైల్. ఒకే సైట్ అయితే అదే చాలు, తొందరగా అయిపోతుంది కూడా. కానీ ఆ ఫైల్ ఆ ప్రాజెక్టుకే అంటుకుని ఉంటుంది. రెండో సైట్‌కు కావాలంటే కాపీ కొట్టాలి. ఆర్నెల్లు గడిస్తే రెండు కాపీలూ రెండు రకాలుగా తయారవుతాయి. సర్వర్ కంట్రోల్‌కు మార్కప్ ఫైల్ ఉండదు, అంతా క్లాస్‌లోనే రాయాలి, మొదట్లో చేతికి బరువుగా ఉంటుంది. బదులుగా ఒక్క డీఎల్‌ఎల్ ఇస్తుంది. రెండు సైట్లకు మించి వాడేదైతేనే ఈ శ్రమకు గిట్టుబాటు.

కట్టే తీరు ఇది. విజువల్ స్టూడియో ఇన్‌స్టాలర్‌లో వెబ్ డెవలప్‌మెంట్ విభాగం కింద డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ టెంప్లేట్లు విడిగా టిక్ పెట్టాలి, లేకపోతే పాత రకం ప్రాజెక్టులు జాబితాలోనే కనిపించవు. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ క్లాస్ లైబ్రరీ ప్రాజెక్టు తీసుకుని సిస్టమ్ డాట్ వెబ్ రిఫరెన్స్ ఇవ్వాలి. జిల్లా పెట్టెకు మొదటి నుంచి రాయాల్సిన పనిలేదు, డ్రాప్‌డౌన్‌లిస్ట్ నుంచే క్లాస్ దించుకోవచ్చు. 'తేదీ నాటికి' అని ఒక ప్రాపర్టీ పెట్టాలి. జిల్లాల పట్టికలో కోడ్, పేరు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు అని నాలుగు గడులుంటే, కంట్రోల్ ఆ తేదీకి చెల్లే జిల్లాలనే చూపిస్తుంది. నిల్వ చేసేది ఎప్పుడూ కోడే. పేరు కాదు.

అసలు ప్రశ్న ఆ జాబితాను ఎప్పుడు నింపాలన్నది. ఎక్కువమంది పేజీ లోడ్‌లో, పోస్ట్‌బ్యాక్ (బటన్ నొక్కి పేజీని సర్వర్‌కు తిరిగి పంపడం) కానప్పుడు మాత్రమే అని షరతు పెట్టి నింపుతారు. నడుస్తుంది. అయితే అప్పటికి వ్యూస్టేట్ (పేజీ స్థితిని గుర్తుంచుకునే దాచిన మూట) నిఘా మొదలై ఉంటుంది కాబట్టి ప్రతి జిల్లా పేరూ, ప్రతి మండలం పేరూ పేజీలో దాచిన గడిలోకి చేరి, ప్రతి నొక్కుకూ సర్వర్‌కూ బ్రౌజర్‌కూ మధ్య తిరుగుతుంటుంది. తెలుగు పేర్లకు ఈ బరువు మరీ ఎక్కువ. 'హనుమకొండ' తెలుగులో రాస్తే యూనికోడ్‌లో ఎనిమిది గుర్తులు, గుర్తుకు మూడు బైట్ల చొప్పున 24 బైట్లు. ఇంగ్లీషు అక్షరాల్లో అదే పేరు 11 బైట్లు. ఆ పైన బేస్ 64 (బైట్లను మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) మార్పుతో ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి, అంటే 24 కాస్తా 32. ఒక్క పేరుకు ఇంత. ఇక 33 జిల్లాలూ, వాటి మండలాలూ లెక్కేసుకోండి.

దీన్ని ఆన్‌ఇనిట్‌లో (పేజీ లోడ్ కంటే ముందు, కంట్రోల్ సిద్ధమయ్యే దశ) నింపితే కథ మారిపోతుంది. కంట్రోల్ ఆన్‌ఇనిట్ అయిన తర్వాతే దాని వ్యూస్టేట్ నిఘా మొదలవుతుంది. అంతకుముందు చేర్చినవి దాచిన గడిలోకి ఎక్కవు. ప్రతి అభ్యర్థనకూ మళ్ళీ నింపాలి, నిజమే. పట్టికను క్యాష్‌లో (సర్వర్ మెమరీలో) ఉంచుకుంటే అది లెక్కలోకి రాని పని. తర్వాతి దశలో బ్రౌజర్ పంపిన విలువను ఎక్కించే సమయానికి జాబితా సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఎంపిక కూడా సరిగ్గా నిలుస్తుంది. ఈ ఒక్క వరుసక్రమం అర్థమైతే వెబ్ ఫారమ్స్ మీద ఉండే కోపంలో సగం పోతుంది. డాక్యుమెంటేషన్ దీన్ని పేజీ జీవితచక్రం బొమ్మలో ఎక్కడో మూలకు పెట్టింది. మూడున్నర మార్కుల్లో కోత పడటానికి అదొక కారణం.

మండలం పెట్టె దగ్గర చిక్కు ఉంది. ఏ జిల్లా ఎంచారో తెలిస్తే కదా మండలాలు నింపేది, ఇనిట్ దశకు వ్యూస్టేట్ ఇంకా రాదు. మార్గం: బ్రౌజర్ పంపిన ఫారమ్‌లో ఆ విలువ ఉండనే ఉంది, రిక్వెస్ట్ డాట్ ఫారమ్‌లో జిల్లా పెట్టె యూనిక్‌ఐడీతో (పేజీలో దానికొక్కదానికే ఉండే పేరు) వెతికి తీసుకోవచ్చు. జాబితాలో మొదటి ఐటెంగా ఖాళీ విలువతో 'మండలం ఎంచుకోండి' తప్పకుండా ఉండాలి. ఎందుకంటే వచ్చిన విలువ జాబితాలో లేకపోతే డ్రాప్‌డౌన్‌లిస్ట్ ఎర్రర్ చూపించదు, చప్పుడు చేయకుండా మొదటి ఐటెం మీదికి జారుతుంది. అక్కడ ఖాళీ లేకపోతే, జిల్లా మార్చిన రైతు ఆ జిల్లాలో అక్షరక్రమంలో మొదట ఉన్న మండలంవాడైపోతాడు.

మండలాలను జావాస్క్రిప్ట్‌తో బ్రౌజర్‌లోనే నింపేవాళ్ళకు మరో దెబ్బ తగులుతుంది. మామూలు డ్రాప్‌డౌన్‌లిస్ట్ అయితే 'ఇన్‌వాలిడ్ పోస్ట్‌బ్యాక్ ఆర్ కాల్‌బ్యాక్ ఆర్గ్యుమెంట్' అని పేజీ పగులుతుంది, సర్వర్ పంపని విలువ తిరిగొచ్చింది కాబట్టి. సొంత క్లాస్ దించుకుంటే ఆ ఎర్రర్ మాయం. సంతోషించే విషయం కాదది. ఆ తనిఖీని తెరిచే అట్రిబ్యూట్ (క్లాస్ మీద పెట్టే గుర్తు) పిల్ల క్లాస్‌కు వారసత్వంగా రాదు. మనం మళ్ళీ రాసుకుంటేనే ఉంటుంది. అంటే క్లాస్ దించుకున్న క్షణాన ఒక కాపలా నిశ్శబ్దంగా తప్పుకుంది. సపోర్ట్స్‌ఈవెంట్‌వాలిడేషన్ అట్రిబ్యూట్‌ను క్లాస్ నెత్తిన మళ్ళీ పెట్టి, మండలాలను సర్వర్‌లోనే నింపడం మంచిది.

చివరిగా పాత రికార్డులు. 2018 నాటి పద్దును దిద్దడానికి తెరిస్తే, దాంట్లోని కోడ్ ఇప్పటి జాబితాలో లేకపోతే 'సెలెక్టెడ్ వాల్యూ' చెల్లదంటూ ఎక్సెప్షన్ (పేజీ ఆగిపోయే ఎర్రర్) పడొచ్చు. 'తేదీ నాటికి' ప్రాపర్టీకి పద్దు తేదీ ఇస్తే చాలావరకు తీరుతుంది. తేదీ లేని రికార్డులకు, ఆ కోడ్‌ను పట్టికలో వెతికి పేరు పక్కన 'పాత' అని చేర్చి జాబితా చివర తగిలించే నాలుగు లైన్లు రాయాలి.

తూకం పెట్టె

రెండో పరీక్ష కాస్త లోతైనది. కాంటా దగ్గర దడువాయి (తూకం వేసేవాడు) చెప్పేది పన్నెండు క్వింటాళ్ళ నలభై ఐదు కిలోలని. తక్‌పట్టీలో (రైతుకిచ్చే తూకం, ధర చీటీ) రాసేదీ అట్లనే. స్క్రీన్ మీద మాత్రం ఒకే గడి ఇచ్చి 12.45 కొట్టమంటే, తప్పులు అక్కడే మొదలవుతాయి. ఐదు కిలోలను 12.5 అని కొట్టేవాళ్ళు ప్రతి సీజన్‌లో ఉంటారు. కిలోలు ఐదు అయితే 12.05, 12.5 అంటే యాభై కిలోలు. నలభై ఐదు కిలోల తేడా ఒక్క చుక్క పక్కన.

అందుకే రెండు గడుల కంట్రోల్: క్వింటాళ్ళు ఒకటి, కిలోలు ఒకటి, బయటికి మాత్రం 'మొత్తం కిలోలు' అనే ఒకే డెసిమల్ ప్రాపర్టీ. డబుల్ (అంకెలు దాచే ఇంకో రకం) వాడొద్దు, దశాంశ భిన్నాలు దాంట్లో కచ్చితంగా నిలవవు, రోజు చివర మొత్తంలో పైసలు తేలతాయి. క్వింటాల్ ధర ₹14,200 ఉంటే 12 క్వింటాళ్ళ 45 కిలోలకు ₹1,76,790 రావాలి, దానికి ఒక్క పైసా అటూ ఇటూ కాకూడదు.

దీనికి కాంపోజిట్‌కంట్రోల్ (లోపల ఇతర కంట్రోళ్ళు పెట్టుకునే క్లాస్) సరైన ఆధారం. 2005లో వచ్చిన డాట్‌నెట్ 2.0 వెర్షన్‌తో ఇది చేతికందింది. అంతకుముందు చేత్తో రాయాల్సిన చాలా పని ఇది చేసిపెడుతుంది. క్రియేట్‌చైల్డ్‌కంట్రోల్స్ అనే మెథడ్‌లో ముందుగా పాత పిల్లలను (లోపలి కంట్రోళ్ళను) తుడిచేయాలి. రెండు టెక్స్ట్‌బాక్స్‌లు, రెండు వాలిడేటర్లు (కొట్టినదాన్ని తనిఖీ చేసేవి) తయారుచేయాలి. ప్రతిదానికీ ఐడీ మనమే పెట్టాలి. పెట్టకపోతే వాలిడేటర్‌కు తాను ఎవరిని చూడాలో దొరకదు. గరిష్ఠ అక్షరాలు, వెడల్పు, సీఎస్‌ఎస్ క్లాస్ వంటివన్నీ ఇచ్చేసి, ఆ తర్వాతే కంట్రోల్స్ జాబితాలో చేర్చాలి. చేర్చాక ఇస్తే అవీ వ్యూస్టేట్‌లోకి ఎక్కుతాయి. ప్రాపర్టీ చదివే చోటా, రాసే చోటా మొదటి లైన్ ఎన్ష్యూర్‌చైల్డ్‌కంట్రోల్స్ (పిల్లలు లేకపోతే తయారుచేసే పిలుపు) కావాలి. అది మరిచిపోతే పేజీ లోడ్‌లో విలువ ఇచ్చినవాడికి నల్ రిఫరెన్స్, పిల్లలు తయారయ్యాక ఇచ్చినవాడికి ఏమీ కాదు. 'ఒక పేజీలో నడుస్తుంది, ఇంకో పేజీలో నడవదు' అనే ఫిర్యాదులకు మూలం తరచూ ఇదే.

ఒక పేజీలో రెండు తూకం పెట్టెలు పెట్టాల్సి వస్తుంది: స్థూల తూకానికి ఒకటి, తరుగుకు ఒకటి. కాంపోజిట్‌కంట్రోల్ కాకుండా మామూలు వెబ్‌కంట్రోల్ నుంచి దించుకుని ఐనేమింగ్‌కంటైనర్ (లోపలి ఐడీలను వేరుగా ఉంచే ఇంటర్‌ఫేస్) జోడించకపోతే, రెండో పెట్టె పడగానే ఒకే ఐడీతో రెండు కంట్రోళ్ళున్నాయని పేజీ ఆగిపోతుంది. ఆ ఇంటర్‌ఫేస్‌లో మెథడ్ ఒక్కటి కూడా లేదు, ఉత్త గుర్తు. పని మాత్రం పెద్దది. కాంపోజిట్‌కంట్రోల్‌లో అది ముందే ఉంది. ఇంకో చిన్న సంగతి: ఊరికే వదిలేస్తే కంట్రోల్ చుట్టూ స్పాన్ ట్యాగ్ వస్తుంది. లోపల డివ్‌లు పెట్టేట్టయితే ట్యాగ్‌కీ ప్రాపర్టీని డివ్‌గా మార్చాలి.

కొట్టిన అంకెను చదవడం దగ్గర రెండు గుంతలున్నాయి, రెండూ మన దగ్గరే ఎక్కువ తగులుతాయి. మొదటిది కామా. డెసిమల్ పార్స్‌కు (కొట్టిన అక్షరాలను అంకెగా మార్చే మెథడ్) ఏ షరతూ పెట్టకపోతే, చుక్కకు ముందు అంకెల మధ్య కామా ఎక్కడున్నా వేల గుర్తుగా తీసుకుని తీసి పారేస్తుంది. మూడంకెలకా, రెండంకెలకా అని చూడదు. చుక్క బదులు కామా పడి 12,45 అని వస్తే అది 1245 క్వింటాళ్ళవుతుంది. ఎర్రర్ ఉండదు. చుక్కను మాత్రమే ఒప్పుకునే నంబర్‌స్టైల్ ఇవ్వాలి, కామాను తిరస్కరించాలి. చూపించేటప్పుడు మాత్రం తెలుగు కల్చర్‌తో ఫార్మాట్ చేస్తే 1,76,790 అని మన పద్ధతిలో కామాలు పడతాయి, దానికోసం సొంత ఫంక్షన్ రాసుకునేవాళ్ళది దండగ శ్రమ.

రెండోది తెలుగు అంకెలు. తెలుగు కీబోర్డులో ౧౨ అని కొడితే, డాట్‌నెట్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (అక్షరాల నమూనాను సరిచూసే పద్ధతి) అంకె గుర్తుకు అది సరిపోతుంది, ఎందుకంటే యూనికోడ్ అంకెలన్నీ దానికి అంకెలే. పార్స్‌కు మాత్రం అవి అంకెలు కావు, ఎక్సెప్షన్ పడుతుంది. జావాస్క్రిప్ట్ సంగతి ఇంకో తీరు. అక్కడ అంకె గుర్తు 0 నుంచి 9 వరకే. అంటే ఒకే వాలిడేటర్ బ్రౌజర్‌లో ఒకటి చెప్తుంది, సర్వర్‌లో మరొకటి. సున్నా నుంచి తొమ్మిది అని విడమరిచి రాయడమే మందు. కాదు, తెలుగు అంకెలను ఒప్పుకోవాలంటారా, పార్స్‌కు ముందు వాటిని మార్చే పది అంకెల పట్టిక ఒకటి పెట్టుకోవాలి. కిలోల గడికి 0 నుంచి 99 వరకు హద్దు. 100 కొడితే క్వింటాల్‌కు ఒకటి కలపడం వంటి తెలివితేటలు కంట్రోల్‌కు వద్దు. మనిషి చేసిన తప్పును మనిషికే చూపించాలి.

ఇప్పుడు దీన్ని లాట్ల గ్రిడ్‌లో వరుసకొకటి పెడితే ఏమవుతుంది? నలభై వరుసల దాకా ఏమీ కాదు. మిర్చి సీజన్‌లో రోజు లాట్లన్నీ ఒకే పేజీలో చూపించి ఐదొందలు దాటితే, సేవ్ నొక్కగానే 'ఆపరేషన్ ఈజ్ నాట్ వాలిడ్ డ్యూ టు ద కరెంట్ స్టేట్ ఆఫ్ ద ఆబ్జెక్ట్' అని ఒక అర్థంకాని మాట వస్తుంది. కారణం సూటిగా ఉంది: 2011 చివర వచ్చిన భద్రతా దిద్దుబాటు నుంచి ఒక ఫారమ్‌లో వెయ్యికి మించి గడులు సర్వర్ తీసుకోదు. లాట్‌కు రెండు గడుల చొప్పున ఐదొందల లాట్లకే వెయ్యి నిండింది, దాచిన గడులు దానిపైన. వెబ్ డాట్ కాన్ఫిగ్‌లో ఆ హద్దు పెంచే సెట్టింగ్ ఉంది. పెంచకుండా గ్రిడ్‌కు పేజీలు పెట్టడం ఉత్తమం. ఐదొందల లాట్లను ఒక్క స్క్రీన్‌లో దిద్దే మనిషి ఎవరూ లేరు.

మొదటి నుంచి రాస్తే

పిల్ల కంట్రోళ్ళు లేకుండా ట్యాగ్‌లు మనమే రాసే పద్ధతీ ఉంది. వేగం ఎక్కువ, బాధ్యతా ఎక్కువే. ఇన్‌పుట్ ట్యాగ్‌కు నేమ్ అట్రిబ్యూట్‌గా యూనిక్‌ఐడీ, ఐడీగా క్లయింట్‌ఐడీ ఇవ్వాలి. నేమ్ తప్పితే బ్రౌజర్ పంపిన విలువ ఈ కంట్రోల్‌దని పేజీకి తెలియదు, లోడ్‌పోస్ట్‌డేటా (వచ్చిన విలువను అందుకునే మెథడ్) పిలుపే రాదు. టిక్ గడి అయితే, టిక్ తీసేసినప్పుడు బ్రౌజర్ ఏమీ పంపదు కాబట్టి, ప్రీరెండర్‌లో రిజిస్టర్‌రిక్వైర్స్‌పోస్ట్‌బ్యాక్ పిలిచి ముందే పేరు నమోదు చేసుకోవాలి. లోడ్‌పోస్ట్‌డేటా విలువ మారితేనే ట్రూ ఇవ్వాలి; ఎప్పుడూ ట్రూ ఇస్తే 'మారింది' ఈవెంట్ ప్రతి నొక్కుకూ మోగుతుంది. రైతు పేరు, ఊరు వంటి మనుషులు కొట్టిన మాటలను రైట్‌తో నేరుగా బయటికి వదలకూడదు, రైట్‌ఎన్‌కోడెడ్‌టెక్స్ట్ వాడాలి. రెడీమేడ్ కంట్రోళ్ళలో చాలావరకు చూసుకునే ఈ జాగ్రత్త ఇక్కడ మన నెత్తిన ఉంటుంది.

ఏ పద్ధతిలో రాసినా, పేజీ తయారుచేసేవాడు వ్యూస్టేట్ ఆపేస్తే కంట్రోల్ చచ్చిపోకూడదు. కచ్చితంగా నిలవాల్సిన ఒకటి రెండు విలువలను కంట్రోల్‌స్టేట్‌లో పెట్టాలి. దాన్ని పేజీ ఆపలేదు. ఆన్‌ఇనిట్‌లో దానికీ విడిగా నమోదు ఉంది. అది సులువుగా ఉంది కదా అని అన్నీ అందులో కుక్కితే, పేరు మార్చిన వ్యూస్టేటే.

కట్టి పంపడం

వెబ్ డాట్ కాన్ఫిగ్‌లో పేజెస్ కింద కంట్రోల్స్ విభాగంలో ట్యాగ్ ముందుపేరు, నేమ్‌స్పేస్, అసెంబ్లీ ఒక్కసారి రాస్తే పేజీ పేజీకీ రిజిస్టర్ లైన్ అక్కర్లేదు. అసెంబ్లీ పేరు రాయడం మరిచిపోతే ట్యాగ్ తెలియదని పేజీ మొరాయిస్తుంది. డీఎల్‌ఎల్ సైట్ బిన్ ఫోల్డర్‌లో ఉంటే చాలు. సర్వర్ మొత్తానికీ కలిపి జీఏసీలో పెడితే, ఒక సైట్‌కు చేసిన మార్పు అన్ని సైట్లనూ కదుపుతుంది. తోడు వచ్చే స్క్రిప్ట్ ఫైల్‌ను ఎంబెడెడ్ రిసోర్స్‌గా పెట్టి, అసెంబ్లీకి వెబ్‌రిసోర్స్ అట్రిబ్యూట్ ఇవ్వాలి. ఆ పేరులో ప్రాజెక్టు నేమ్‌స్పేస్, ఫోల్డర్ పేరు, ఫైల్ పేరు మూడూ చుక్కలతో కలవాలి, చిన్నబడి పెద్దబడి అక్షరాలతో సహా. ఒక్క అక్షరం తేడా వస్తే పేజీ బాగానే తెరుచుకుంటుంది, స్క్రిప్ట్ ఒక్కటే 404తో పోతుంది. పేజీలో అప్‌డేట్‌ప్యానెల్ (పేజీలో కొంత భాగమే మారేట్టు చేసే కంట్రోల్) ఉంటే స్క్రిప్ట్‌ను స్క్రిప్ట్‌మేనేజర్ ద్వారా నమోదు చేయాలి, పాత క్లయింట్‌స్క్రిప్ట్ దారిలో కాదు. రెండో దారిలో మొదటి తెరుపుకు పనిచేసి, ప్యానెల్ లోపలి నొక్కుకు పనిచేయదు.

డిజైనర్‌లో బూడిదరంగు పెట్టె, లోపల 'ఎర్రర్ క్రియేటింగ్ కంట్రోల్' అని కనిపిస్తే భయపడొద్దు. అక్కడ రిక్వెస్ట్ ఉండదు, డేటాబేస్ ఉండదు. డిజైన్‌మోడ్ చూసి ఒక నమూనా ఐటెం చూపిస్తే సరిపోతుంది. కన్‌స్ట్రక్టర్‌లో మాత్రం ఆ డిజైన్‌మోడ్ మాట నమ్మకూడదు, అప్పటికి కంట్రోల్ ఇంకా ఎక్కడా కూర్చోలేదు.

మెషిన్ కీ (వ్యూస్టేట్ తనదేనని సర్వర్ గుర్తుపట్టే రహస్య తాళం) గురించి ఒక మాట, ఇది కంట్రోల్ రాసేవాళ్ళ పని కాకపోయినా. రెండు సర్వర్లున్న చోట కీ ఒకటే లేకపోతే వ్యూస్టేట్ చెల్లదు, స్క్రిప్ట్‌లూ రావు. అప్పుడు ఇంటర్నెట్‌లో దొరికిన కీని తెచ్చి అతికించే అలవాటు ఉంది. 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఇట్లా బహిరంగంగా పడి ఉన్న కీలు మూడు వేలకు పైగా గుర్తించామని, వాటితో నకిలీ వ్యూస్టేట్ పంపి సర్వర్‌లో కోడ్ నడిపించే దాడులు సాధ్యమని హెచ్చరించింది. కీ తెలిసినవాడు పంపిన వ్యూస్టేట్‌ను సర్వర్ మనదే అనుకుంటుంది. ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) మేనేజర్‌లో కొత్త కీ పుట్టించడానికి ఒక బటన్ ఉంది; అర నిమిషం పని.

కొత్తగా అయితే

డాట్‌నెట్ కొత్త వరుసలో, అంటే కోర్ అని మొదలై ఇప్పుడు ఉత్త డాట్‌నెట్ అనిపించుకునేదాంట్లో, వెబ్ ఫారమ్స్ లేదు. రాదు కూడా. అక్కడ ఈ పనికి రేజర్ క్లాస్ లైబ్రరీ, ట్యాగ్ హెల్పర్లు, వ్యూ కాంపోనెంట్లు, బ్లేజర్ కాంపోనెంట్లు ఉన్నాయి. జిల్లా పెట్టె లాంటిదాన్ని బ్లేజర్‌లో రాస్తే సగం కోడ్‌తో అయిపోతుంది, జీవితచక్రం తలనొప్పి చాలావరకు లేదు. బ్లేజర్ సర్వర్ పద్ధతికి మాత్రం బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య లైన్ తెగకుండా ఉండాలి. నెట్ వచ్చిపోయే మండల కేంద్రంలో స్క్రీన్ మీద మళ్ళీ కలిపే ప్రయత్నం కనిపిస్తూ కూర్చుంటుంది. పాత పోస్ట్‌బ్యాక్ అక్కడ మొండిగా గెలుస్తుంది: నొక్కినప్పుడు నెట్ ఉంటే చాలు.

మారే ఆలోచన ఏ మూలో ఉన్నా, తూకం లెక్కనూ జిల్లా పట్టికనూ కంట్రోల్ క్లాస్‌లో రాయకండి. డాట్‌నెట్ స్టాండర్డ్ 2.0 లైబ్రరీలో విడిగా పెడితే 4.8 నుంచీ పిలవొచ్చు, కొత్త డాట్‌నెట్ నుంచీ పిలవొచ్చు. అప్పుడు సర్వర్ కంట్రోల్ ఉత్త పైతొడుగు. తొడుగు పారేసినా లోపలిది మిగులుతుంది.

డీఎల్‌ఎల్ ఎక్కించే వేళ కూడా చూసుకోవాలి. బిన్‌లో ఫైల్ మారగానే అప్లికేషన్ మళ్ళీ మొదలవుతుంది. సెషన్‌లు సర్వర్ మెమరీలోనే ఉంటే అందరూ లాగవుట్. పైగా క్రియేట్‌చైల్డ్‌కంట్రోల్స్‌లో పిల్లల వరుస మారిస్తే, అప్పటికే పేజీ తెరిచి ఉంచినవాళ్ళు సేవ్ నొక్కినప్పుడు వ్యూస్టేట్ చెట్టుకు సరిపోలేదని ఎర్రర్ పడొచ్చు, కొట్టిందంతా పోతుంది. జెండా పాట (మార్కెట్‌లో వేలం) నడిచే పూట ఈ పని పెట్టుకోకూడదు. తక్‌పట్టీలన్నీ అయ్యాక, రాత్రి, సైట్ మొదటి ఫోల్డర్‌లో app_offline.htm అనే ఫైల్ వేస్తే వచ్చినవాళ్ళందరికీ ఆ పేజీ ఒక్కటే కనిపిస్తుంది. డీఎల్‌ఎల్ మార్చి, రెండు తూకం పెట్టెలున్న పేజీ ఒకటి, అప్‌డేట్‌ప్యానెల్ ఉన్న పేజీ ఒకటి, 2018 నాటి రికార్డు ఒకటి తెరిచి చూడాలి. చూడాలంటే ముందు ఆ ఫైల్ తీసేయాలి. తీయకుండా పడుకుంటే, పొద్దున బస్తాలు దిగే వేళకు గుమస్తా తెర మీద అదే ఉంటుంది.